కిరాయి లేని ఇంట్ల పాలు పొంగిచ్చిన పొద్దు

నేను ఇంతవరకు ఏమీ రాసెరుగను. ముదిగొండ దిక్కు మా ఊరి బడిల అయిదో తరగతి దాక చదివిన. అటెనక వత్తులు ఏడ పెట్టాల్నో కూడ మర్చిపోయిన. నలుగుట్ల మాట్లాడమంటెనే నా గొంతు లోపలికి పోతది. అసొంటిదాన్ని కాయితం పట్టుకున్ననంటె దానికో కారణం ఉన్నది.

మేము భద్రాచలంల సుభద్రమ్మ గారి ఇంట్ల ఉంటం. ఆమె నా కతను నవమికి వచ్చిన యాత్రికులందరికి చెప్తున్నది. చెప్పనీ, తప్పు లేదు. కాని చెప్పినప్పుడల్లా నీళ్ళ లోతు పెరుగుతున్నది! మొదటిరోజు మోకాళ్ళ దాక అన్నది. మర్నాడు మెడ దాక వచ్చినయ్. నిన్న ఎవరో ముసలామెకు చెప్తుంటె తలుపు సందు కెల్లి విన్న, అందుల మొసలి కూడ వచ్చింది! ఇంక నేను ఊకుంటె రేపు నన్ను మొసలి మింగిందని కూడ చెప్తది. అందుకే రాస్తున్న. అసలు జరిగింది ఇది: పొద్దున మేము కొత్తింట్లకు పోయినం. అన్నాలు తినే యాళ్ళకు మేమున్నం, ఇల్లు లేదు.

సంగతి కిరాయి కాడ మొదలైంది.

మా ఆయన కలప డిపోల వాచ్‌మన్. బిడ్డ పెళ్ళయి దమ్మపేటకు పోయింది, ఇంట్ల మేమిద్దరమే. ఒక గది, పొయ్యి పెట్టుకునేంత వంటిల్లు. సుభద్రమ్మ గారు మంచిదే కాని, శ్రీరామనవమి దగ్గరకొస్తె మనిషి మారిపోతది. ఆమె ఒక్కతే కాదు, భద్రాచలంల ఇల్లున్నోళ్ళంతా అంతే. యాత్రికులు బస్సులు బస్సులు దిగుతరు, పండుకోను జాగ కోసం ఎంతడిగితె అంత ఇస్తరు. ఏటా ఆ పదిరోజులు మేము సామాన్లు ఒక మూలకు నెట్టి, వాళ్ళ వరండాల ముడుచుకొని పండుకునేటోళ్ళం.

ఈసారి ఆమె గుమ్మంల నిలబడి అన్నది, "చూడు నర్సయ్యా, ఈ ఏడు వరండా కూడా మాట్లాడేసుకున్నారు. గుంటూరు వాళ్ళు. ఉంటే వాళ్ళిచ్చే కిరాయి ఇచ్చి ఉండండి, లేదంటే నవమి అయ్యాక రండి. మీ గది ఎక్కడికీ పోదు."

మా ఆయనకు రోషమొచ్చింది. "ఇగో అమ్మగారూ, మీ గది మీరే ఉంచుకోండి. మేము మా సొంతానికి పోతున్నం!"

నేను కొంగు నోట్ల కుక్కుకున్న. సొంతమా? మా సొంతం అంటె రెండు ట్రంకు పెట్టెలు, ఒక కిరసనాయిలు స్టవ్వు!

ఆమె పోయినంక అడిగిన, "ఏందయ్యా, యాడికి పోదాం?"

"ఆలోచిస్త."

"ఆలోచిస్తవా! ముందుగాల ఆలోచించి అటెనక అనరాదూ?"

ఊరంత నిండిపోయింది. ఇంక మాకు మిగిలింది దమ్మపేటల బిడ్డ అత్తగారిల్లు. వియ్యంకురాలి ముందుకు పోయి, "వదినే, మాకు ఉండ జాగ లేదు, పదిరోజులు మీ ఇంట్ల తింటం" అని ఎట్ల అనాలె? ఆమె ఏమీ అనదు. గ్లాసుల చాయ పోసిచ్చి నవ్వుతది. ఆ నవ్వుకు నా బిడ్డ ఏడాది పొడుగునా తల దించుకోవాలె. బురదల పండుకుంటగాని ఆడికి పోనని ఒట్టు పెట్టుకున్న.

మా ఆయన సాయంత్రానికి ఎగురుకుంట వచ్చిండు. "దొరికిందే! కిరాయి లేదు, కరెంటు బిల్లు లేదు, నల్లా కాడ కొట్లాట లేదు! గోడకు మేకు కొట్టాల్నంటె ఎవ్వల్ని అడుగుడు లేదు!"

"ఎవరి ఇల్లయ్యా?"

"సోమయ్య పడవ."

సోమయ్య బూర్గంపాడు దిక్కు మనిషి. మా ఆయన్ను బావా అంటడు, నన్ను అక్కా అంటడు. ఒకప్పుడు పడవల చింతపండు, వెదురు వేసుకొని గోదావరి కిందికి పోయెటోడు. వంతెన మీద లారీలు తిరిగినంక పడవకు గిరాకీ పోయింది. ఇప్పుడది రేవు కాడ ఇసుక మీద ఎండుతున్నది. పెద్ద పడవ. నడిమిట్ల తాటాకు కప్పు, కప్పు కింద ఇద్దరు కాళ్ళు జాపుకొని పండుకునేంత జాగ. ఎండకు ఊకనె ఉంటె పలకలు నెర్రెలిస్తయట, నీళ్ళల్ల ఉంటెనే పడవకు మంచిదట. మనుషులుండి చూసుకుంటమంటె సోమయ్యకే సంతోషం.

మా ఆయన రాత్రంత లెక్కలే. "కిరాయి పైసలు మిగుల్తయి, వాటితోని నీకు ముక్కుపుడక చేపిస్త. గోదావరి తల్లి ఎన్నడన్న కిరాయి అడిగిందానే?" అని ఒక్కటే నవ్వు. నాకు కూడ నవ్వొచ్చింది. నిజం చెప్పొద్దూ, ముక్కుపుడక అన్నంక నాకు పడవ మీద బాగ ప్రేమ పుట్టింది. ఇంటి ముంగట గోదావరి, ఇంటెనక గోదావరి, బిందె మోసుడు లేదు! సుభద్రమ్మ గారి నల్లా కాడ ఇరవై ఏండ్ల సంది నిలబడ్డ కాళ్ళు నావి.

సోమయ్య మూడు దినాలు కూసొని పడవ బాగు చేసిండు. నేను చూడలేదు, మా ఆయన చెప్పిండు. పాలు పొంగిచ్చే ముందటిరోజు నేను కడిగి అలుకుదామని ఒక్కదాన్నే పోయిన. మా ఆయన డిపోల ఉన్నడు. సోమయ్య సుట్టాలింటికి పోయిండు. పడవ ఇంకా ఇసుక మీదనే ఉన్నది. బకెట్టు, కొబ్బరి పీచు, ఇనుప అట్లకాడ పట్టుకొని లోపలికి ఎక్కిన.

అమ్మో, ఏం పడవ! పలకకు పలకకు నడుమ సందుల నిండ నల్లగ, జిగటగ, గట్టిగ మురికి! వేలు పెడితె అంటుకుంటది. మడ్డి నూనె వాసన. అందులకెల్లి గోనె పీచులు కూడ బయటికి కనపడుతున్నయ్. ఎన్నేండ్ల చింతపండు, ఎన్నేండ్ల వెదురు బూజు, గట్టిపడి కూసున్నదనుకున్న. సోమయ్యను మనసుల తిట్టుకున్న. మూడు దినాలు బాగు చేసిండంట, ఈ మురికి కనపడలేదా మొగోళ్ళకు?

నాకొక్కటే తెలుసు. నేను ఇంట్ల మురికి చూస్తె అన్నం తినలేను. కొంగు నడుముకు చెక్కి కూసున్న. ఒక సందు తీసిన, ఇంకొకటి తీసిన. అట్లకాడ వంగిపోయింది, కొడవలి తెచ్చిన. పొద్దు వాలే దాక గీకిన్నంటె నమ్ముండ్రి! ఒక గంపెడు మురికి వెళ్ళింది. పీచులు పట్టి గుంజుతుంటె పొడుగ్గ తాడు లెక్క వస్తున్నయ్. అట్ల వస్తుంటె ఎంత ఆనందమో! చెవులకెల్లి గులిమి తీసినంత హాయి. గంపెత్తి గోదావరిల పారబోసిన. సందుల కెల్లి కింద ఇసుక కనపడుతుంటె, "అబ్బ, ఎంత శుభ్రమైంది" అనుకున్న గాని, బుర్రల ఒక్క దీపమన్న వెలగాలె గద! వెలగలె.

అటెనక పేడ, ఎర్రమన్ను చిక్కగ కలిపి అడుగంత మందంగ అలికిన. సందులన్ని పూడినయ్. ఆరినంక పిండితోని ముగ్గు పెట్టిన. మా ఆయన వచ్చి చూసి చేతులు జోడిచ్చిండు. "ఓసినీ! కల్యాణ మంటపం లెక్క చేసినవ్!"

తెల్లారి సోమయ్య వచ్చి లోపలికి తొంగి చూసి పడిపడి నవ్విండు. "అక్కా, పడవకు పేడ అలికినోళ్ళను నా బతుకుల చూడలె!"

"ఇల్లన్నంక అలకొద్దా తమ్మీ?" అన్న సిగ్గుపడుకుంట.

వాళ్ళిద్దరు, రేవులున్న ఇంకో నలుగురు కలిసి పడవను నీళ్ళల్లకు నెట్టిండ్రు. తేలింది! మా ఆయన మీసం మెలేసిండు.

ఆ రోషానికి సుభద్రమ్మ గారిని కూడ పిలిచిండు. ఆమె పట్టుచీర కట్టుకొని వచ్చింది. మంచి ఒడ్డూ పొడుగున్న మనిషి. ఆమె పలక మీద కాలు పెట్టంగనె పడవ ఒక దిక్కు వంగి దండం పెట్టింది. ఎక్కినంక ఆమె అడ్డం తిరిగి నిలబడి నన్ను ఆపింది. "ఆగాగు! కొత్తింట్లోకి వస్తున్నావు, మొగుడి పేరు చెప్పి రా!"

ఇది నాకు చావు. మా పెండ్లినాడు కూడ నేను పేరు చెప్పలె, మా చిన్నమ్మ నాకు బదులు చెప్పింది. ఇన్నేండ్లల్ల ఒక్కపారి కూడ ఆ పేరు నా నోటెంట రాలే. తల దించుకొని, నాకే వినపడకుంట ఏదో గొణిగిన.

"ఏంటీ? గోదారి చప్పుడుకి వినబడలేదు!"

అందరు నవ్వుడు. మా ఆయనే నన్ను కాపాడిండు, "పోనియ్యుండ్రి అమ్మగారూ, పాలు ఇరిగిపోతయి" అని.

పాలు పొంగిచ్చేటందుకు పిలిచిన పంతులు గారిది ఇంకో పరేషాన్. "అమ్మా, పొయ్యి ఆగ్నేయాన పెట్టాలి" అని చూపిచ్చిండు. పెట్టినం. అంతల పడవ తాడు మీద మెల్లగ తిరిగింది. "అయ్యో, ఇప్పుడిది నైరుతి అయిందే!" స్టవ్వు జరిపినం. మళ్ళ తిరిగింది. పంతులు గారు స్టవ్వు పట్టుకొని చుట్టూ తిరిగి తిరిగి, "నారాయణా! ఈ ఇంటికి అన్ని దిక్కులూ మంచివే" అని కూసున్నడు.

పాలు పొయ్యి మీద పెట్టినం. మా ఆయనకు సుభద్రమ్మ గారి ముంగట ఇంకొంచెం గొప్పలు పోవాల్నని ఉన్నది. "సోమయ్యా, కొంచెం లోపలికి తీస్కపో! అమ్మగారికి మా ఇంటి గాలి చూపిద్దాం!" సోమయ్య తాడు విప్పి గడ వేసిండు. ఎండకాలం నీళ్ళు, లోతు లేవు, అలలు లేవు. చల్లటి గాలి. గట్టు మీది ఇండ్లు ఎనక్కు పోతున్నయ్.

గప్పుడు నా కాలి వేళ్ళు తడిసినయ్.

కలశం నీళ్ళు ఒలికినయ్ కావచ్చనుకున్న. కొంగుతోని తుడిచిన. మళ్ళ తడిసింది. ఇంకో దిక్కు జరిగిన. ఆడ కూడ తడి. అలుకు మెత్తగయి జారుతున్నది. నా ముగ్గుల ఉన్న తామరపువ్వు ఒక రెక్క కరిగిపోయింది. చెప్పాలె. కాని ఎట్ల చెప్పాలె? పంతులు గారు మంత్రం చదువుతున్నడు, సుభద్రమ్మ గారు చాప మీద మఠం వేసుకొని కూసున్నది, మా ఆయన మీసం మీద చెయ్యి తీస్తలేడు. గంత మంది నడుమ నోరు తెరవాల్నంటె నాకు ప్రాణం పోయినట్టయితది. తడి ఉన్న కాడ నేనే కూసున్న, ఎవ్వలికి కనపడకుండ!

అప్పుడు సుభద్రమ్మ గారు అన్నది, "అబ్బా, ఎంత చల్లగా ఉంది కింద! మా సిమెంటు గచ్చు కూడా ఇంత చల్లగా ఉండదు నర్సయ్యా!"

"గోదావరి మీద ఉన్నం గద అమ్మగారూ!" అని మా ఆయన పొంగిపోయిండు.

నేను ఆయన చొక్కా గుంజిన. "ఏమయ్యా... నీళ్ళు..."

"దాహమా? పాలు పొంగనీయ్, తాగుదువు."

"అది కాదయ్యా... కింద..."

"కింద కూసోవే, గమ్మున!"

పంతులు గారి పూలు పళ్ళెంలకెల్లి లేచి మెల్లగ ఈదుకుంట సుభద్రమ్మ గారి ఒళ్ళెకు పోయినయ్. ఆమె, "ఆహా, శుభసూచకం!" అన్నది. సందులల్ల అలికిన పేడ కరిగి ఎర్రటి నీళ్ళు బుడబుడ పైకి వస్తున్నయ్. ఆగలేకపోయిన. లేచి నిలబడి, గోదావరి అవతల బూర్గంపాడుల కూడ వినపడేటట్టు కేక పెట్టిన:

"ఓ నర్సయ్యా! పడవ మునుగుతున్నదిరో నర్సయ్యా!"

ఆశ్చర్యమేందంటె, అందరు ముందుగాల నీళ్ళను చూడలె, నన్ను చూసిండ్రు! మా ఆయన నోరు తెరుచుకొని, "పేరు పెట్టి పిలిచినవా?" అన్నడు.

గప్పుడు స్టవ్వు 'స్‌స్‌' మని ఆరిపోయింది. అందరికి అర్థమైంది.

ఇంక చూడుండ్రి! సుభద్రమ్మ గారు, "రామా! నేను పోతే గుంటూరు వాళ్ళ దగ్గర డబ్బు ఎవరు తీసుకుంటారు!" అనుకుంట తాటాకు కప్పు పట్టుకొని ఎక్కబోయింది. కప్పు ఆమెతోని సహా కిందికి వచ్చింది. పంతులు గారు పుస్తకం తల మీద పెట్టుకున్నడు. మా ఆయన చెంబుతోని నీళ్ళు బయటికి చల్లుతుంటె ఆ నీళ్ళన్ని పంతులు గారి మీదనే పడుతున్నయ్. నేను పాల గిన్నె గుండెలకు పట్టుకొని నిలబడ్డ. ఎందుకో నాకే తెల్వదు! సోమయ్య గడ వేసి ఒడ్డు దిక్కు బలంగ నెట్టిండు. ఒడ్డు అల్లంత దూరంల ఉండంగ పడవ కూసుండిపోయింది. మర్యాదగ, చప్పుడు లేకుండ, బర్రె బురదల కూసున్నట్టు.

నీళ్ళు నడుము దాక కూడ లేవు. ఇది రాసి పెట్టుకోండి, నడుము దాక కూడ లేవు. మొసలి అసలే లేదు.

అందరం నడుచుకుంట ఇసుక మీదికి వచ్చినం. సోమయ్య మాత్రం నీళ్ళల్లనే వంగి, పడవ అడుగుల చేతులు పెట్టి తడుముతున్నడు. తడిమి తడిమి లేచిండు. మొఖం తెల్లబోయింది.

"బావా, నా గుగ్గిలం ఏమైంది? గుగ్గిలం, నూనె, గోనెపీచు కలిపి, నీళ్ళు లోపలికి రాకుండ మూడు దినాలు దట్టించిన. సందుకు సందు! చెయ్యి పెడితె చెయ్యి బయటికి పోతున్నది!"

నేను ఎనకకెల్లి మెల్లగ అన్న, "గా నల్లటి మురికా తమ్మీ? అదంతా నేనే తీసిన. ఒక్క పోగు కూడ ఉంచలె."

సోమయ్య నన్ను చూసిండు. మా ఆయన నన్ను చూసిండు. పంతులు గారు పుస్తకం పిండుకుంట చూసిండు.

"ఏం జేసినవ్ అక్కా దాన్ని?"

"గంపెడు వెళ్ళింది. గోదావరిల పారబోసిన."

సోమయ్య ఇసుక మీద కూలబడ్డడు. ఏడుస్తడో తిడుతడో అనుకున్న. భుజాలు ఊగుతున్నయ్. నవ్వుతున్నడు! "బావా, పదేండ్ల సంది తుఫాన్లకు మునగలే నా పడవ! అక్క చేతిల చీపురుకు మునిగింది!"

మా ఆయన నవ్వలే. పడవలకెల్లి మా తడిసిన పరుపు మోసుకొచ్చి ఇసుక మీద ఏసి, దాన్నే చూస్తున్నడు. "ఇంక దమ్మపేట బస్సేనే" అన్నడు మెల్లగ. ఆ మాటకు నాకు ఆపుకోలేనంత ఏడుపొచ్చింది. పొద్దుటి సంది అందరి ముంగట అరిచిన, తడిసిన, నవ్వులపాలైన. అవన్ని ఒక ఎత్తు, వియ్యంకురాలి చాయ గ్లాసు ఒక ఎత్తు. తడిసిన పరుపు నెత్తిన పెట్టుకొని ఆ ఇంటి మెట్లెక్కుడు నా కండ్ల ముంగట కనపడ్డది.

సుభద్రమ్మ గారు పట్టుచీర పిండుకుంటున్నది. ఆమె చెప్పు ఒకటి గోదావరి పాలైంది. ఇంక తిడుతదని చూస్తున్న. ఆమె నా దిక్కు తిరిగి, ముక్కు మీద వేలేసుకొని, "అంత గట్టిగా దట్టించిన గుగ్గిలాన్ని ఒక్క పూటలో ఒక్క పోగు లేకుండా తీసేశావా?" అని అడిగింది.

"అవ్ అమ్మగారూ."

"ఒక్కదానివేనా?"

"అవ్."

ఆమె నన్ను కిందికి మీదికి చూసింది. అటెనక మా ఆయనతోని అన్నది, "నర్సయ్యా, పరుపు మోసుకుని పద. వంటింటి పక్కన సామాన్ల కొట్టు ఉంది, నవమి అయ్యేదాకా అందులో ఉండండి."

మా ఆయన మెడ వంచుకొని, "కిరాయి ఎంతమ్మగారూ?" అన్నడు.

"కిరాయీ లేదు, ఏమీ లేదు. మా గదుల్లో ఏటా యాత్రికులు వచ్చి పోయాక వదిలిన జిడ్డు నా వల్ల కావట్లేదు. నీ పెళ్ళాన్ని ఆ గదుల మీదికి వదులు, చాలు!"

నేను ఏడ్చుకుంటనె నవ్విన. ఆమె కాళ్ళకు దండం పెట్టబోతె, "పెట్టకు, ఇంకో చెప్పు కూడా పోతుంది" అన్నది. సోమయ్య కూడ, "నవమి పోయినంక అందరం కలిసి పడవను గుంజుదాం అక్కా, ఈపారి గుగ్గిలం నువ్వే దట్టియ్యి" అన్నడు. ఆ మాట ప్రకారం నేను ఇంకా బాకీనే.

ఆ రాత్రి కొట్టుల చింతపండు బస్తాల నడుమ కాళ్ళు ముడుచుకొని పండుకున్నం. మా ఆయన చీకట్ల అన్నడు, "కిరాయి లేని ఇంటికంటె కిరాయి ఉన్న ఇల్లే చవుకనే." నేను ఊ కొట్టిన. నా దిక్కు తిరిగి, "ఇంకోపారి పిలువవే" అన్నడు. నేను దుప్పటి మొఖం మీదికి లాక్కున్న.

తెల్లారి లేచిన. సుభద్రమ్మ గారు చేతికి చీపురు, బకెట్టు ఇచ్చి మొదటి గదిల విడిచిపెట్టింది. ఊడ్చిన, కడిగిన. మూలకు పోయి చూస్తె, గోడ కింద గచ్చు సందుల నల్లగ, గట్టిగ ఏదో పేరుకొని ఉన్నది. నా చెయ్యి ఊకోలే, అట్లకాడ తీసిన. తీసి, ఆడనే ఆగిపోయిన. ఆ నల్లదాన్ని శానాసేపు చూసిన. అటెనక అట్లకాడ కింద పెట్టి, బయటికి పోయి, గుంటూరోళ్ళందరి ముంగట, గొంతెత్తి అడిగిన:

"అమ్మగారూ, జర ఇటొచ్చి చూసి చెప్పుండ్రి. ఇది మురికేనా, లేకుంటె మీ ఇల్లు దీని మీదనే నిలబడ్డదా?"